దిగిరా అంటే దిగివచ్చినవాళ్ళు

ఆ రోజుల్లో ప్రార్థన అంటే గొంతెత్తి చేసేదేనని నా గట్టి నమ్మకం. గుంటూరు జిల్లాలోని మా సంఘంలో మౌనప్రార్థన అనేది కునికిపాట్లు పడేవాళ్ళు చెప్పుకునే సాకు. నాన్న సంఘపెద్ద. ఆయన స్తుతి అందుకుంటే దారినపోయే ఎడ్లబండి ఆగిపోయేది (ఎద్దులు బెదిరి ఆగేవని అమ్మ అనేది). ఆ గొంతును వారసత్వంగా వెంటబెట్టుకుని, డెబ్బైల మొదట్లో ఒమాన్‌లో రోడ్లు వేసే కంపెనీలో కూలీగా చేరాను. సమాయిల్ దాటి, నిజ్వా దాటి, కొండలు మరీ దగ్గరికి వచ్చేచోట మా క్యాంపు. రూమ్‌లో నేను తప్ప అందరూ కరీంనగర్ వైపు వాళ్ళు. మా అందరికీ పెద్దయిన ఆయన్ని పెద్దన్న అనేవాళ్ళం. ఆయనే నాకు పాస్టర్ అని పేరుపెట్టాడు.

"ఏంది పాస్టరూ, మీ దేవునికి చెవుడా? పొద్దుగాల నాలుగింటికే గట్ల మొత్తుకుంటవు. మేం డ్యూటీకి పోవద్దా?"

నేను క్షమించేసి, ఇంకొంచెం గట్టిగా ఆయన కోసం కూడా ప్రార్థించేవాణ్ణి.

అలా ఉండగా, సెలవు మీద మా ఊరివైపు వెళ్ళివచ్చిన ఒకాయన అమ్మ కబురు తెచ్చాడు. కడుపు వాచిందట, ఆస్పత్రిలో చేర్చారట. అంతకుమించి ఆయనకు తెలియదు. ఆయన బయల్దేరి అప్పటికే మూడు వారాలు. ఒప్పందం తీరేదాకా కంపెనీ పాస్‌పోర్టు ఇవ్వదు, ఇంటికి వెళ్ళే మార్గం లేదు. అమ్మ బతకాలి. దానికి నా దగ్గరున్న ఒకే సాధనం గొంతు. ఆ గొంతు ఎత్తితే రూమ్‌లో పదిమందికి నిద్ర ఉండదు. అందుకని, వచ్చే సెలవునాడు లోయలోకి వెళ్ళి ఉపవాస ప్రార్థన చేయాలని నిశ్చయించుకున్నాను. (అక్కడ సెలవు శుక్రవారం. ఆదివారం పార పట్టుకుని, శుక్రవారం ఆరాధన చేసుకునేవాణ్ణి. ఇది దేవుడి లెక్కలో ఎలా పడుతుందోనని చాలాకాలం బెంగపడ్డాను.)

క్యాంపు వెనకే ఆ లోయ మొదలయ్యేది. కొండను ఎవరో నిలువునా చీల్చి, మళ్ళీ కలపడం మరిచిపోయినట్టు ఉండేది. రెండువైపులా పొరలు పొరలుగా బూడిదరంగు రాతిగోడలు, పైన చుట్టూ తిరిగే రాబందులు. మిట్టమధ్యాహ్నం కాసేపు తప్ప అడుగుకు ఎండ రాదు. ఒక గోడకు సగం ఎత్తులో రాతి ఇళ్ళున్న పాడుబడ్డ ఊరు కనిపించేది. అవి రాతిలో కలిసిపోయిన రంగు కావడంతో, తలుపుల చీకటిని బట్టి మాత్రమే ఇళ్ళని తెలిసేది. అక్కడివాళ్ళు ఎప్పుడు, ఎందుకు వెళ్ళిపోయారో చెప్పేవాళ్ళు లేరు. వాళ్ళు తవ్విన సన్నటి రాతికాలువ మాత్రం ఇంకా ఊటనీళ్ళు మోసుకెళ్ళి ఎదుటి ఊరి దానిమ్మచెట్లకు అందించేది. రాళ్ళలో సముద్రపు గవ్వల అచ్చులుండేవి. ఒకప్పుడు ఇదంతా సముద్రం అడుగని సర్వే ఇంజనీర్లు అనేవారు. జలప్రళయానికి సాక్ష్యమని నేను అనేవాణ్ణి. అలాంటి గవ్వల బండనొకదాన్ని బలిపీఠంగా ఎంచుకుని, మోకరించి, కళ్ళు మూసుకుని మొదలుపెట్టాను.

"ప్రభువా, దిగిరా" అన్నాను. ఎదుటిగోడ "దిగిరా" అంది. దాని పక్క గోడ, దాని వెనక గోడ అన్నాయి. మా ఊరి సంఘమంతా వచ్చి నాతో ఏడుస్తున్నట్టు అనిపించి, ఇంకా రెచ్చిపోయాను. అమ్మ పేరు చెప్పి ఎంత ఏడ్చానో తెలియదు. ఆమెన్ అనబోతుండగా భుజం మీద చెయ్యి పడింది. కళ్ళు తెరిస్తే తెల్లని గడ్డం, తెల్లని పొడుగు అంగీ, వెనక ఆకాశం. సందేహమేముంది, ఆయన పాదాల మీద పడ్డాను. దేవదూత నన్ను వెల్లకిలా తిప్పి, నా కాళ్ళు రెండూ నలిపి, ఎముకలు విరిగాయేమో చూడసాగాడు.

ఆయన లోయ అంచు మీదున్న పై ఊళ్ళో మేకలు కాసుకునే ముసలాయన. వెనక మేకవెంట్రుకల తాళ్ళు పట్టుకుని ఊరంతా దిగుతోంది, ఒక గాడిద కూడా. "ప్రేయర్, ప్రేయర్" అన్నాను. నోట్లో ఖర్జూరం కుక్కి పాలు పోశారు. ఉపవాసం అలా ముగిసింది. వద్దంటున్నా గాడిద మీద కట్టేస్తుండగా మా పికప్ నడిపే హైదరాబాద్ మామూ, పెద్దన్న పరుగెత్తుకొచ్చారు. ఊరివాళ్ళే ఎవరినో క్యాంపుకు పంపారట.

"అరె భాయ్, బండి బోల్తాపడి ఇరవైమంది ఏడుస్తుండ్రు అన్నరు. ఇరవైమంది ఏరి?" అన్నాడు మామూ.

"ఈయనొక్కడే ఇరవై," అన్నాడు పెద్దన్న.

మామూ అరబ్బీలో సంగతంతా విప్పి చెప్పాడు. తిడతారనుకున్నాను. అందరూ ముసలాయన వైపు చూశారు. ఆయన తాడు చుట్టుకుంటూ మెల్లగా ఏదో చెప్పాడు. మామూ దాన్ని మాకు తెలుగులో చెప్పాడు. "ఈయన కొడుకు ఇక్కడనే పోయిండట. కొండ మీద వాన పడి ఒక్కసారి వరద వచ్చిందట. పోరడు అరిచిండు. అరుపు అన్ని గోడలకెల్లి వచ్చేసరికి వీళ్ళు అటువైపు ఉరికిన్రట. పోరడు ఇటువైపు ఉండె. అప్పటికెల్లి ఏడుపు ఇనబడితే ఊరోళ్ళు ఆగరు. నాలుగు దిక్కుల దిగుతరు."

ముసలాయన మా అమ్మ పేరు అడిగాడు. చెప్పాను. పలకడం రాక రెండుసార్లు తడబడి, అరచేతులు పైకెత్తి, పెదవులు మాత్రం కదిపాడు. ఒక్క మాట వినబడలేదు. (ఇంత మెల్లని ప్రార్థన పైదాకా వెళ్తుందా అని ఆ స్థితిలో కూడా అనుమానపడ్డాను.) వెళ్తూ వెళ్తూ, ఈసారి ఏడవాలనుంటే పైకి తన ఇంటికి రమ్మన్నాడు, కింద వరద భయమట.

తరువాత చాలా రోజులకు తెలిసింది, ఆ శుక్రవారానికే అమ్మ లేదు. నేను బతికించమని అరుస్తున్నప్పుడు ఆమె మీద మట్టి ఆరిపోయి ఉంది. ఆ కబురు అందిన రోజు పెద్దన్నే నన్ను పైకి తీసుకెళ్ళాడు. ముసలాయన ఇంట్లో ఏడ్చాను. ఆయన మేకలు తోలుకెళ్ళకుండా నా పక్కనే కూర్చున్నాడు.

ఇప్పుడు ఆ లోయ అంచున కమ్మీలు కట్టారట, జనం ఫోటోలకు వెళ్తున్నారట. నా గొంతు పోయింది. పెదవులు కదిపే ప్రార్థనే మిగిలింది. మా సంఘంలో ప్రార్థన మధ్య కళ్ళు తెరవడం తప్పు. అయినా వెనక బెంచీల్లో ఎవరైనా వెక్కడం వినబడితే కళ్ళు తెరుస్తాను, లేచి వెళ్ళి పక్కన కూర్చుంటాను. ఆ తెల్లగడ్డం ఇప్పుడు నాకూ ఉంది. కాళ్ళు మాత్రం నలిపి చూడను.