నరసమ్మ పిన్ని నవ్వు

కోవిడ్ ఆంక్షలు తొలగిన మరుసటి ఏడాది, మలేషియాలో మా సుంగై పెటాని దగ్గర పాడుబడ్డ రబ్బరు ఎస్టేట్ బంగళాలో ఒక చిన్న బ్రిటిష్ దెయ్యాల సినిమా తీశారు. కాస్టింగ్, అంటే స్థానిక నటుల్ని వెతికిపెట్టే పని నాది. రచయితను పెట్టుకునే స్తోమత లేక తెలుగు మాటలు కూడా నాచేతే రాయించారు.

అందులో ఒక ముసలి ఎస్టేట్ కూలీ చనిపోయి దెయ్యమవుతుంది. ఆ వేషానికి మా దూరపు చుట్టం నరసమ్మ పిన్నిని అడిగాను. ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైంది, నాటకాలంటే ప్రాణం.

"దెయ్యమా? మీ బాబాయికి నాను రోజూ దెయ్యాన్నే లాహ్. కొత్తగా ఏటి సెయ్యాల?" అంది, ఇక్కడివాళ్ల ఊతపదం 'లాహ్' కలిపి.

షరతు మాత్రం ఒకటి పెట్టింది. శవంగా పడుకున్న షాట్ అయ్యాక తను కెమెరాను చూసి నవ్వాలి, దాన్నీ తీయాలి. చావు నటించినవాళ్లు కీడు పోవడానికి చేసే పని అది.

"ఆ నవ్వు సినిమాలో ఎయ్యకూడదు బాబూ. బతికున్నానని దేవుడికి సెప్పుకునేది అది."

"అలాగే పిన్నీ" అన్నాను.

దర్శకుడు ఇంగ్లండ్ కుర్రాడు. అతనికి మా నమ్మకాన్ని వివరించడానికి సిగ్గేసింది. "కట్ చెప్పకండి, ఆవిడ నవ్వుతారు" అని ఊరుకున్నాను. మెడలో దండ, ముక్కులో దూదితో పిన్ని కళ్లు తెరిచి నిండుగా నవ్వింది. అతను మానిటర్ ముందు నుంచి ఎగిరి లేచాడు.

"మన సినిమాకి ఇదే ముగింపు! నువ్వు రాశావా?"

నేను కాదనలేదు.

మలేషియాలోనే, జార్జ్ టౌన్‌లో సినిమా వేసినప్పుడు ఆ నవ్వుకి హాలంతా కేకలు. తెరమీద రచయితల్లో నా పేరు. పక్క సీట్లో పిన్ని బిగుసుకుపోయింది.

"నా నవ్వుని కూడా సచ్చినదాని నవ్వు సేసేసినావేటి?"

ఆ తర్వాత చిన్న దగ్గొచ్చినా ఆవిడ హడలిపోతోందని బాబాయి ఫోన్ చేశాడు. దర్శకుడికి నిజం రాశాను. పాపం, ఎంతో నొచ్చుకున్నాడు. కానీ సినిమా అప్పటికే అమ్ముడైపోయింది.

కెమెరా పట్టుకుని పిన్ని ఇంటికి వెళ్లాను. మొదట తలుపు దగ్గరే నిలబెట్టి తిట్టింది. తర్వాత లోపలికెళ్లి పట్టుచీర కట్టుకుని, లిప్‌స్టిక్ వేసుకుని వచ్చింది.

"ఈపాలి ఎవుడికైనా సూపించినావంటే నిజంగానే దెయ్యమై పట్టుకుంటాను."

నవ్వింది. వెనక బాబాయి లుంగీతో ఫ్రేములోకి వచ్చేస్తే మళ్లీ తీయాల్సి వచ్చింది. దాన్ని ఆవిడ ఫోన్‌కి పంపి, నా దగ్గరున్నది ఆవిడ ఎదుటే చెరిపేశాను.

మన నమ్మకాన్ని చెప్పుకోవడానికి మనమే సిగ్గుపడితే, ఎదుటివాళ్లకి అది ఉత్త సరుకుగానే కనిపిస్తుంది. ఇప్పుడు చావు సీను ఉంటే కెమెరా పెట్టకముందే అందరికీ అంతా చెబుతాను. ఆ సినిమా ముగింపు బాగా రాశానని ఇప్పటికీ నన్ను మెచ్చుకునేవాళ్లున్నారు. అది నేను రాయలేదు. పిన్ని నటించనూ లేదు.