తడపని గోడ

ఇరవై ఏండ్లయింది ఈ మాట కడుపులో పెట్టుకోని. ఇంట్లో ఆమెకు గూడా చెప్పలేదు. నీకెందుకు చెప్తాండానంటే, నువ్వు మా ఊరోనివి కాదు. సుంకమ్మ నీకు ఎదురుపడదు.

సుంకమ్మ మా వీధి మనిషే, నాకు చెల్లెలి వరస. బోర్లన్నీ ఎండిపోతాండిన కాలంలో మూడూర్ల ఆడోళ్ళను కూడగట్టి, కూరగాయలు దళారి చేతిలో పడకుండా అనంతపురంలో ఒక హాస్టలుకు నేరుగా పంపే ఏర్పాటు చేసింది. వ్యాను వారానికి రెండుసార్లే వస్తాది. అందాకా టమేటాలు, వంకాయలు వాడిపోకుండా ఉండాల గదా? దానికని ఇటుకలతో రెండు వరసల గోడలు కట్టించి, నడుమ ఇసుక పోయించి ఒక గది లేపింది. ఆ ఇసుకను పొద్దున, మధ్యాన్నం తడిపితే చాలు, లోపల చల్లగా ఉంటాది. కరెంటుతో పనిలేదు. కానీ మాకు తాగనీకే నీళ్ళు లేవు. అందుకని కూరగాయలు తెచ్చే ప్రతి ఆడమనిషీ ఒక బిందె నీళ్ళు గూడా తేవాలని కట్టడి పెట్టింది. తెచ్చినారు. ట్యాంకరు కాడ కొట్లాడి పట్టుకున్న నీళ్ళలోంచే తెచ్చి డ్రమ్ములో పోసినారు. డ్రమ్ములోంచి గోడకు పోసే పని నాది. అన్న అని నమ్మి సుంకమ్మే నాకు అప్పజెప్పింది.

నాకు అప్పటికి నాలుగు చీనీ చెట్లు, మీరు బత్తాయి అంటారే అవి, మిగిలినాయి. మా నాయన నాటినవి. ఆకులు ముడుచుకోని రాలిపోతాంటే చూడలేకపోయినా. ఒక్క పూటే గదా అనుకున్యా. ఆ పూట రెండు బిందెలు చెట్లకు పోసినా. మరుసటి దినం డ్రమ్మంతా. మూడు దినాలు గోడకు చుక్క పోయలేదు. నాయన మీద ప్రేమతోనేనా? లేక ఆడోళ్ళ నీళ్ళు ఊరికే దొరికినాయనా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతాండా.

వ్యాను వచ్చిన పొద్దు తలుపు తీస్తే ఒకటే కుళ్ళు వాసన. సరుకంతా దిబ్బలో పోసినాము. హాస్టలాయన ఇంగ మీ కూరగాయలే వద్దని చెప్పి పంపినాడు. ఆడోళ్ళందరి ముందర సుంకమ్మ నన్ను అడిగింది.

"అన్నా, నీళ్ళు పోసినావు గదా?"

"పోసినానమ్మా. గోడే సరిగా కట్టలేదేమో."

ఆ రెండో మాట ఎవురడిగినారు నన్ను? ఒక అబద్ధం చాలలేదా నాకు? ఆడోళ్ళంతా ఆమె మీద పడినారు, మా నోటికాడి నీళ్ళు పాడు చేసినావని. సుంకమ్మ గోడకు చెయ్యి ఆనించింది. అరచేతికి ఎండిన ఇటుకల ఎర్రటి పొడి అంటుకునింది. దాన్ని కొంగుకు తుడుచుకోని, "నాదే తప్పమ్మా" అనింది. నా పక్క చూడలేదు.

ఆమెకు తెలిసిపోయింది. తెలిసీ నన్ను కాచింది. ఆమె తిట్టింటే నేను ఇన్నేండ్లు ఇట్ల కుమిలేవాణ్ణి కాదేమో. ఆ గది ఇప్పుడు మేకల కొట్టం. అందరూ మళ్ళా దళారి కాడికే పోయినారు. సుంకమ్మ మాత్రం ఈ వయసులో గూడా కూరగాయల గంప ఎత్తుకోని పొద్దున బస్సుకు పోతాండాది.

చెట్లు బతికినాయి. ఏటా కాస్తాండాయి. నేను ఒక్క కాయ గూడా తినలేదు. మొన్న మనసాగక పది కాయలు ఆమె ఇంటికి పంపినా. తీసుకునింది. "బాగా తీపుండాయని చెప్పు అన్నకు" అనిందంట.

ఆ మూడు దినాలు గోడకు నీళ్ళు పోయలేదు నేను. చెట్లకు పోసుకున్యా. సుంకమ్మ కట్టిన గోడలో ఏ తప్పూ లేదు. ఇదో, చెప్పినా.