నొప్పి తెలియని కాలు

2005 డిసెంబరులో ఒక సాయంత్రం మావారు ఇంటికొచ్చి, గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి నడుస్తుంటే టక్కుమని చప్పుడైంది. ఎడమ అడుగు మామూలుగానే పడింది. కుడి అడుగు మళ్ళీ టక్కుమంది. ఉత్త కాళ్ళతో చప్పుడు చేస్తూ నడిచే మనిషిని అంతకుముందు నేను చూడలేదు కాబట్టి, కుర్చీలో కూర్చోబెట్టి కాలు ఎత్తి చూశాను. బొటనవేలి మొదట్లో, అరికాల్లోకి ఒక డ్రాయింగ్ పిన్ను పూర్తిగా దిగి ఉంది. ఇత్తడి తల ఒక్కటే మెరుస్తోంది.

చర్చిలో క్రిస్మస్ రంగుకాగితాలు కట్టడానికి వాడిన పిన్ను అది. మా చర్చిలో ఎవరూ చెప్పులతో లోపలికి రారు.

"ఎప్పుడు గుచ్చుకుందండీ?" అని అడిగాను.

"ఏది?" అన్నారు.

ఆ సాయంత్రం ఆయన ముప్పావు గంట నిలబడి ప్రసంగం చేశారు. అంశం పశ్చాత్తాపం. పాపంతో చిన్న చిన్న రాజీలు చేసుకుంటూ పోయేవాడికి కొన్నాళ్ళకి మనస్సాక్షి మొద్దుబారిపోతుందని, ఆ తర్వాత ఏం గుచ్చుకున్నా తెలియదని చెప్పారు. చాలా బాగా చెప్పారు. ముందు వరసలో ఇద్దరు ముగ్గురు ఏడ్చారు కూడా. ఆ చెబుతున్నంతసేపూ ఆయన పిన్ను మీదే నిలబడి ఉన్నారని అక్కడ ఎవరికీ తెలియదు, ఆయనతో సహా.

పిన్ను లాగేసి పసుపు అద్దాను. "నొప్పేం లేదు కరుణా, వదిలెయ్" అన్నారు. నొప్పి లేదంటే నేనూ సంతోషించాను. ఆ మాటకి భయపడాలని అప్పటికి నాకు తెలియదు.

మావారు రేపల్లె దగ్గర ఒక చిన్న సంఘానికి పాస్టరు. సంఘస్థులకు అయ్యగారు. నేను బాపట్లలో బి.ఎ. చదివి, స్కూల్లో సోషల్ చెప్పుకుంటున్నదాన్ని. పెళ్ళితో అమ్మగారినయ్యాను. ఆయనకి షుగర్ ఉందని తెలిసి అప్పటికే కొన్నేళ్ళయింది. మాత్రలు వేసుకునేవారు. అన్నం తగ్గించారు. ఇంట్లో పంచదార డబ్బా నా ఒక్కదాని టీ కోసమే ఉండేది. ఇంట్లో ఆయనంత పథ్యంగా ఉండే మనిషి లేడు. ఇబ్బంది ఏంటంటే, పాస్టరు ఇంట్లో ఉండేది తక్కువ.

గృహకూటం ఉన్నరోజు ఎవరో ఒక సంఘస్థుల ఇంట్లో చేరతాం, ప్రార్థన అయ్యాక ముందు అయ్యగారికి పళ్ళెం పెడతారు. ఆయన నోట పెట్టేదాకా ఆ ఇంట్లో పిల్లలు కూడా ముట్టరు. సున్నుండలు, అరిసెలు, లేదంటే టీ. ఆ టీలో పంచదార వాళ్ళకి మా మీదున్న గౌరవాన్ని బట్టి పడుతుంది. గౌరవానికి లోటు ఎప్పుడూ లేదు. ఇక డిసెంబరు వస్తే మాకు క్రిస్మస్ ఒక్కరోజు రాదు. సెమీ క్రిస్మస్ అని వీధికొకటి చొప్పున నెలంతా వస్తుంది. ప్రతిచోటా కేకు కోసి, క్రీము గులాబీ ఉన్న ముక్క అయ్యగారికే ఇస్తారు.

వద్దనొచ్చు కదా అని మీరు అనుకోవచ్చు. నేనూ అనుకునేదాన్ని, ఒకరోజు ఆయన వెంట కాలవగట్టు పేటకి వెళ్ళేదాకా. అక్కడ మార్తమ్మగారని ఒక పెద్దావిడ ఉంది. నాట్లకీ కోతలకీ వెళ్ళే మనిషి. మావారు పళ్ళెం పక్కకి జరిపితే ఆవిడ మొహం మారిపోయింది. "మా ఇంట్లో తినరా అయ్యగారూ?" అంది. అంతే. ఆ పేటకి పనుల మీద వచ్చే పెద్దమనుషులు తరాల తరబడి గుమ్మం బయటే నిలబడి మాట్లాడారే గాని, లోపలికొచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. ఆ ప్రశ్న వెనక అదంతా ఉంది. మావారు పళ్ళెం మళ్ళీ దగ్గరికి లాక్కుని రెండు సున్నుండలు తిన్నారు.

కాబట్టి ఆయన ఒక పద్ధతి కనిపెట్టుకున్నారు. రక్తపరీక్షకి ముందు మూడు రోజులు ఉపవాసదినాల్లో ఉన్నంత నిష్ఠగా ఉండేవారు. ఫాస్టింగ్ షుగర్ బాగానే వచ్చేది. ఆ సాయంత్రమే గృహకూటానికి బయల్దేరేవారు.

జనవరిలో బొటనవేలు నల్లబడింది. చలిజ్వరం వచ్చింది. సాక్సు విప్పితే వాసన. పాసింజరు బండెక్కి తెనాలి వెళ్ళాం. అక్కడ చూసిన డాక్టరమ్మ మాటల మనిషి కాదు. కాలిని అటూ ఇటూ తిప్పింది, చిన్న సుత్తితో తట్టింది, దూదిపుల్ల పెట్టి "తెలుస్తోందా?" అని అడిగింది. మావారు కళ్ళు మూసుకుని "ఇంకా పెట్టలేదు కదండీ" అన్నారు. పుల్ల అప్పటికే పెట్టేసింది. డయాబెటిక్ ఫుట్ అంది. న్యూరోపతి, అంటే నరాలు దెబ్బతిన్నాయి అంది. ఎక్స్‌రే, డాప్లర్, కల్చర్ పరీక్షలు రాసింది.

"అసలు నొప్పి లేదండి, అందుకే పట్టించుకోలేదు" అన్నారు మావారు, అదేదో తన గొప్ప అన్నట్టు.

"నొప్పి ఉంటే మీరు ఆ రోజే ఆగేవారు పాస్టరుగారూ. నొప్పి లేకపోవడమే మీ జబ్బు."

హెచ్‌బిఎ1సి అనే పరీక్ష మాకు కొత్త. మూడు రోజుల నిష్ఠ దాని దగ్గర పనిచేయదట. వెనకటి మూడు నెలల సంగతి చెప్పేస్తుందట. డాక్టరమ్మ రిపోర్టు చూసి కళ్ళజోడు తీసింది. "డిసెంబరు బాగా జరిగినట్టుందండి" అంది.

బొటనవేలు తీసేశారు. ఐవీ యాంటీబయాటిక్స్, ఇన్సులిన్, రోజూ డ్రెస్సింగ్. వారం తిరిగేసరికి పుండు ఎర్రగా, శుభ్రంగా కనబడసాగింది. డాక్టరమ్మ ఒకసారి నవ్వింది కూడా.

అప్పుడు మొదలైంది పరామర్శ. రేపల్లె బండి వచ్చిన ప్రతిసారీ వార్డుకి మా సంఘం వచ్చేది. నర్సు బండి వేళలు కంఠతా పట్టింది. ఒక మధ్యాహ్నం నేను మందుల షాపుకి వెళ్ళొచ్చేసరికి మార్తమ్మగారు మంచం పక్కన కూర్చుని ఉంది. మావారి మీసం మీద మినపపిండి. సాయంత్రం షుగర్ చూసిన డాక్టరమ్మ "ఏం తిన్నారు?" అని అడిగింది.

"ఏమీ లేదండి" అన్నారు మావారు.

పదహారేళ్ళ కాపురంలో ఆయన అబద్ధం చెప్పగా వినడం అదే మొదటిసారి. ఆ పిండి అప్పటికి తుడిచేసుకున్నారు. నాకేసి చూడలేదు. మర్నాడు ఒకరు కాజాలు తెచ్చారు. అవి కూడా ఎక్కడికో వెళ్ళాయి.

నాలుగో రోజుకి పాదం వాచింది. జ్వరం మళ్ళీ లేచింది. ఇంకో రెండు వేళ్ళు, వాటితో పాటు పాదం అంచు తీసేశారు. ఆపరేషన్ అయ్యాక డాక్టరమ్మ నన్ను పక్కకి పిలవకుండా ఆయన ముందే చెప్పింది: "ఒక్క సున్నుండ వల్ల ఇలా అవదు. కానీ మీరు ఏం తిన్నారో చెప్పకపోతే ఇన్సులిన్ ఎంత ఇవ్వాలో నాకు తెలీదు. ఇంకోసారి ఇన్ఫెక్షన్ పాకితే బిలో నీ. అంటే మోకాలి కింద దాకా తీసేయాలి."

ఆవిడ వెళ్ళబోతుంటే మావారు పిలిచారు. "తిన్నానండి. ఆ రోజూ తిన్నాను, తర్వాతా తిన్నాను. మీకు అబద్ధం చెప్పాను."

"తెలుసండి" అని ఆవిడ చార్టులో ఏదో మార్చి వెళ్ళిపోయింది. మేము ఊహించుకున్నంత పెద్ద విషయంగా ఆవిడ తీసుకోలేదు. మావారు మాత్రం గోడవైపు తిరిగి చాలాసేపు పడుకున్నారు. "కరుణా, పాదంలో ఇప్పుడు కాస్త సలుపుతోంది" అన్నారు చివరికి. పైభాగంలో నరాలు ఇంకా మిగిలే ఉన్నాయట. ఆ సలుపుడికి నేను స్తోత్రం చెల్లించాను. భర్తకి నొప్పి వచ్చినందుకు దేవుడికి కృతజ్ఞత చెప్పిన భార్యలు తక్కువే ఉంటారు.

డిశ్చార్జి ముందురోజు సంఘపెద్ద సుందరరావుగారు వచ్చారు. మంచి మనిషి. మేము ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ సంఘాన్ని నడిపింది ఆయనే.

"సంఘమంతా ఉపవాసాలుండి ప్రార్థన చేస్తోందండి అయ్యగారూ. ఇది సాతాను దాడి అని అందరికీ తెలుసు. ఆదివారం కృతజ్ఞత కూడిక పెట్టాం. దేవుడు మీకు చేసిన మేలు గురించి మీరు సాక్ష్యం చెప్పాలి."

"చెప్తానండి. ఇందులో సాతాను కష్టపడిందేం లేదు సుందరరావుగారూ. నేనే తిన్నాను."

సుందరరావుగారు కుర్చీ ముందుకి లాక్కున్నారు. "అలా అంటే ఎలాగండి? మొన్నటిదాకా ఎవడన్నా తాగుడు మానకపోతే ప్రభు భోజనపు బల్ల దగ్గరికి రావద్దన్నారు కదా మీరు! ఇప్పుడు వాళ్ళేమంటారు? అయ్యగారు లడ్లు మానలేకపోయాడంట, మనకి చెప్పొచ్చాడు అనరూ? సాతాను పెట్టిన శోధన అనండి చాలు. అబద్ధం కూడా కాదు."

"అది కూడా రాజీయేనండి."

"చిన్నదండి."

"పిన్ను కూడా చిన్నదే" అన్నాను నేను. మామూలుగా పెద్దల మాటల మధ్యలోకి అమ్మగార్లు రాకూడదు. కానీ ఆ కాలు కడిగేది నేను.

సుందరరావుగారు లేచారు. "చెప్తే ఆ తర్వాత సంఘం ఏమంటుందో నేను పూచీ పడలేనండి" అన్నారు. బెదిరింపు కాదది. నిజంగా ఆయనకి భయంగా ఉంది. నాకూ ఉంది. పాస్టరు మాటకి విలువ పోతే ఆ ఊళ్ళో ఆయనకి చేయడానికి పనేమీ ఉండదు.

ఆదివారం చర్చి నిండిపోయింది. మావారు కట్టుకట్టిన కాలు స్టూలు మీద పెట్టుకుని, కుర్చీలో కూర్చుని మాట్లాడారు. పరీక్షల ముందు మూడు రోజుల నిష్ఠ గురించి చెప్పారు. ఆ మాటకి కొందరు నవ్వారు. డాక్టరుకి చెప్పిన అబద్ధం దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. "మీరు నా శోధన తొలగాలని ప్రార్థన చేశారు. నా పశ్చాత్తాపం కోసం చేయండి. మీకు చెప్పినవన్నీ నాకు తెలిసే చెప్పాను. నేను మాత్రం పాటించలేదు" అన్నారు.

వెనక వరసలో మార్తమ్మగారు లేచి నిలబడింది.

"అంటే ఏంటయ్యా? నా సున్నుండలే నీ కాలు తీసేసినయ్యా? అందరిలో ఆ మాట అంటానికా నన్ను రమ్మన్నావు?"

సుందరరావుగారు నేల చూపులు చూస్తున్నారు. మావారు కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయి, లేవలేక అలాగే ఉండిపోయారు.

"కాదమ్మా. నువ్వు ప్రేమతో పెట్టావు. వద్దు అంటే నీకు బాధ కలుగుతుందని తిన్నానని ఇన్నాళ్ళూ చెప్పుకున్నాను. అందులో సగమే నిజం. నాకు తినాలని ఉండేది. నీ ప్రేమని దానికి అడ్డం పెట్టుకున్నాను. ఆ తప్పు నాది. నీ ఇంటికి మాత్రం రావడం మానను."

"వచ్చి ఏం తింటావు?"

"ఏమీ తినను. మంచినీళ్ళు తాగుతాను. నీ చెంబుతో, నీ కుండలో నీళ్ళు."

"చెంబుడూ తాగాలి" అంది మార్తమ్మగారు, కూర్చుంది.

సంఘం మమ్మల్ని పంపేయలేదు. కొందరు చాటుగా లడ్ల అయ్యగారన్నారు. కొన్నాళ్ళకి వాళ్ళూ విసిగిపోయారు. తాగుడు మానలేక చర్చికి రావడం మానేసిన ఒకాయన మాత్రం ఆ వారంలోనే ఇంటికొచ్చాడు. "మీరూ దాచుకున్నారంటగా అండి" అని, మావారి పక్కన చాలాసేపు కూర్చున్నాడు. ఆయన ఇప్పటికీ పూర్తిగా మానలేదు. కానీ తాగిన రోజు తాగానని వచ్చి చెబుతున్నాడు.

ఇళ్ళలో ఇప్పుడు మావారు లోపలికి వెళ్ళగానే, ప్రార్థనకి ముందే, తానే మంచినీళ్ళు అడుగుతారు. గ్లాసు కాదు, చెంబు. గుమ్మం దాటి కూర్చుని చివరి గుక్కదాకా తాగుతారు. ఆ తర్వాత పళ్ళెం వద్దన్నా ఎవరూ నొచ్చుకోవడం లేదు. ప్రేమ మాత్రం ఊరుకోదు కాబట్టి కొన్నాళ్ళు కాకరకాయ రసాలు వచ్చాయి. పంచదార టీలు తాగినంత మర్యాదగా వాటిని తాగడం ఆయనకి చేతకాలేదు.

నాలుగేళ్ళయింది. పుండు మానడానికే ఆర్నెల్లు పట్టింది. షుగర్ కాళ్ళ కోసం చేసే మెత్తటి ఎంసీఆర్ చెప్పులు చేయించుకున్నాం. చర్చిలో కూడా అవి విడవవద్దని డాక్టరమ్మ ఆజ్ఞ. ప్రసంగం ఎక్కువసేపు నిలబడి చేయలేరు కాబట్టి త్వరగా ముగిస్తున్నారు. సంఘం పెరగడానికి ఇదే కారణమని నా అభిప్రాయం. నిరుడు బాపట్లలో మా తమ్ముడి ఇంట్లో పెళ్ళికి సగం లడ్డు తిన్నారు. సగమే కదా అనలేదు. బస్సెక్కకముందే నాకు చెప్పారు. నేను రిక్షా వద్దని బస్టాండు దాకా నడిపించాను.

ఇప్పుడు రోజూ సాయంత్రం స్కూలు నుంచి వచ్చాక ఆయన కాలు ఒళ్ళో పెట్టుకుని వేళ్ళ సందులు, మడమ, అంచులు అన్నీ చూస్తాను. పోయిన నెల మడమ మీద చిన్న పగులు కనబడింది. మర్నాడే తెనాలి వెళ్ళాం. ఆయన దారిలో ఒక్కసారి కూడా నొప్పి లేదు అనలేదు.

షుగర్ ఉన్నవాళ్ళకి నేను చెప్పగలిగింది ఒక్కటే. అరికాళ్ళు రోజూ చూడాలి. మన అరికాలు మనకి సరిగ్గా కనబడదు. అద్దం పెట్టుకున్నా సగమే కనిపిస్తుంది. అందుకని ఇంట్లో ఇంకొకరి చేత చూపించుకోండి. వాళ్ళు ఏదో ఉందంటే వాదించకండి. ఆ రోజే వెళ్ళండి.