సోడా మూత కోసం మునిగిన ఛాంపియన్

ఈ రోజు భద్రాచలం రేవులో చేసిన పాడు పనికి నాకింకా ఒకచోట కూర్చోబుద్ధి కావడం లేదు. భక్తులు గోదావరిలో చిల్లర వేస్తుంటే, మా ఊరు సారపాక కుర్రాడు సమ్మయ్య మునిగి ఏరుతున్నాడు. ఆటపట్టిద్దామని సోడా మూత విసిరాను. పాపం, నాణెమనుకుని మునిగి దాన్నే పట్టుకొచ్చాడు.

“ఈతలో స్టేట్ ఛాంపియన్‌వి, గీ పనేందిరా?” అన్నాను.

“మెడల్ ఇచ్చిండ్రు గని రైలు కిరాయి ఇయ్యలే మామా. ఎల్లుండి జాతీయ పోటీలకు పోవాలె. నీ మూతకు ఒక దమ్ము దండగైంది.”

నా జేబులో బస్సు కిరాయే ఉంది. ఇక మిగిలింది నోరు. మెట్లెక్కి, “అమ్మా, లోతు నీళ్లలో వేస్తే పుణ్యం రెండింతలు!” అని కేకేశాను. చిల్లర ఏరేవాళ్లలో అంత లోతుకు సమ్మయ్య ఒక్కడే మునగగలడు మరి. చిల్లరంతా అటే పడింది.

నాలుగు మునకలయ్యాక సమ్మయ్య తలెత్తి అరిచాడు: “మామా, నీ పుణ్యాన్ని జర ఒడ్డుకు జరుపు! పోటీకి చేతులు మిగలాలె గద!”

జరిపాను. సాయంత్రానికి మోకాలి లోతులోనే పుణ్యం మూడింతలైంది. పోవడానికి కిరాయి కూడింది, రావడానికి కూడలేదు. రేపు మళ్లీ రేవుకు పోతున్నాను. నాది పాపమనేవాళ్లు ముందు వాడి తిరుగు టికెట్ కొని, తర్వాత తిట్టండి.