అరిగిన ముల్లు

ఈ మాట ఎవరితోనూ అనలేదు. మావారితో కూడా. ఇన్నేళ్ళుగా గుండెల మీద బరువులా మోస్తున్నాను. ఇది చదివే మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నానేమో.

పంతొమ్మిది వందల ముప్పైలలో కొత్త కోడలిగా తాడేపల్లిగూడెం వచ్చాను. వంట అంతంతమాత్రం, మాట నేర్పు అసలే లేదు. పాట ఒక్కటే వచ్చు. మధ్యాహ్నం పనులయ్యాక అత్తగారు చాప పరిచి, "ఏదమ్మా, ఓ పాటందుకో" అనేవారు. ఆ ఇంట్లో నా విలువంతా ఆ కాసేపే. ఆవిడ కొల్లేటి లంకలో పుట్టిన మనిషి. కూత వింటే చాలు, ఏ పిట్టో చెప్పేసేవారు. అలాంటి చెవికి నచ్చడమంటే మాటలా!

ఆవిడకి గ్రామఫోను మీద మనసైంది. మావారు ఏలూరు కొట్టునుంచి ఒక పెట్టె రైల్లో తెచ్చారు. తెలిసినవాళ్ళయితే నాలుగు రోజులు ఇంట్లో వాయించి చూసుకోమని ఇచ్చేవారప్పట్లో. రికార్డు ఒక పక్క పాడేసరికి ముల్లు అరిగిపోయేది, కొత్తది పెట్టాలి. కొత్తవి ఒక డబ్బీలో, కొట్లో వాడేసినవి ఇంకో డబ్బీలో ఉన్నాయి. ముల్లు మార్చే పని నాకిచ్చారు.

"ఇంక నీ గొంతుకి శ్రమ తప్పుతుందమ్మా" అన్నారు అత్తగారు, ఎంతో ప్రేమగా.

నా చెయ్యి వాడేసిన ముళ్ళ డబ్బీలోకి వెళ్ళింది. తెలిసే చేశానా? పొరపాటని ఎన్నాళ్ళో నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మరి రెండో పెట్టె తెచ్చినప్పుడూ అదే డబ్బీ ఎందుకు తెరిచాను? మావారు ఇంట్లో లేని మధ్యాహ్నాల్లో రెండూ గరగరమన్నాయి. మావారు వెనక్కి తీసుకెళితే, కొట్లో రెండూ చక్కగా పాడాయట; ఆ సంగతి అత్తగారు వింటుండగానే చెప్పారు.

"మంచి పెట్టెలు కావులే అమ్మా" అని ఆయన ఊరుకున్నారు. ఆయన అటు వెళ్ళగానే అత్తగారు నా దగ్గరికొచ్చారు.

"వాడు నా మనసు కష్టపెట్టలేక పెట్టెల మీద నెడుతున్నాడు. పోయినవి నా చెవులేనమ్మా."

"అలా అనకండి అత్తయ్యగారూ" అన్నాను. అంతే అన్నాను.

మర్నాటినుంచి చాప పరచలేదు. "చెవిటివాడి ముందు శంఖం ఎందుకులే" అని నవ్వేవారు. వంటింట్లో కావాలని గొంతెత్తితే, "బాగానే పాడుంటావమ్మా" అనేవారు. దేన్ని కాపాడుకోవాలనుకున్నానో దాన్నే చేజేతులా పోగొట్టుకున్నాను. అప్పుడైనా ఒక్క మాట చెబితే సరిపోయేది కదా. ఎందుకు చెప్పలేదు? ఆ ఒక్క విలువా పోయాక, మోసగత్తెననే పేరే మిగులుతుందని భయపడ్డాను.

ఒకసారి ఆవిడతో వాళ్ళ పుట్టింటికి వెళ్ళాను. పడవ నీళ్ళలో నిలువెత్తున పెరిగిన కిక్కిసగడ్డి పక్కనుంచి పోతుంటే లోపల ఏదో కూసింది. ఆవిడ ఉలిక్కిపడి, నా మొహంలోకి చూశారు.

"అదేం పిట్టమ్మా?"

నన్నడిగారు, ఆవిడ!

చెవులు పోయాయన్న నమ్మకంతోనే పోయారు. క్షమించమని అడగడానికి ఎవరూ లేరు. రాస్తుంటే మాత్రం ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది.

అత్తయ్యగారూ, మీ చెవులకేమీ కాలేదండీ. అరిగిన ముల్లు పెట్టింది నేనే.