పాన్ చీ లాగిన గీత

చాంగ్షా కచేరీలో రాయసగాళ్లందరిదీ తాతల నాటి కొలువు. పాన్ చీ ఒక్కడే వెదురు పాకలోంచి వచ్చాడు. కాగితం లేని ఆ కాలంలో రాతకు వాడే పచ్చి వెదురు బద్దల్ని నిప్పు మీద కాచి, చెమ్మ కార్చి, పురుగు పట్టకుండా ఆరబెట్టడం వాళ్లింటి పని. తప్పు పోయినచోట రాయసగాళ్లు కత్తితో గీకి పారేసిన పేళ్లను ఏరుకుని, వాటి మీద మిగిలిన సగం సగం అక్షరాలతోనే చదువు నేర్చాడు. ముప్పై దాటాక పరీక్షలో నెగ్గి, మొలలో రాయసగాడి కత్తి దోపుకుని కచేరీ మెట్లెక్కితే చూసినవాళ్లు ముక్కున వేలేసుకున్నారు.

అతని రాత ఇంకొకరి రాతలా ఉండేది కాదు. అక్షరాలన్నీ పొట్టిగా, వెడల్పుగా, ఒకదాని కింద ఒకటి చతికిలబడి కూర్చున్నట్టు సాగేవి. ఉత్తర్వు చివర ‘ఆజ్ఞ’ అనే మాటకు వాళ్ల లిపిలో ఒక్కటే అక్షరం; అది రాగానే కుంచెను అదిమి, చివరి గీతను మూడక్షరాల చోటు మేర కిందికి లాగేవాడు. వేలెడు వెడల్పు లేని బద్ద మీద పక్కలకు చోటేదీ? ఊపిరి తీసుకోవాలంటే కిందికే పోవాలి. అది తెలియనివాళ్లు పొగరన్నారు. పొగరే, అయితే ఏమిటట?

పదకొండేళ్ల తర్వాత కొత్త అధికారి దెంగ్ వచ్చాడు. పాన్ రాసిన, దారంతో కూర్చిన బద్దల చుట్ట విప్పి మొహం చిట్లించాడు.

“ఏమయ్యా, ఇది సర్కారు ఉత్తర్వా, మీ ఆవిడ జడా? ఇంత పొడుగు వదిలావు!”

“మా ఆవిడ జడ ఇంకా పొడుగండీ.”

గదంతా గొల్లుమంది. ఆ నవ్వు దెంగ్‌కి ఒళ్లు మండించింది.

“నోరు ముయ్యండి! అక్షరాలన్నీ ఒక్క కొలతలో ఉండాలి. ఎవరు రాశారో తెలియకూడదు.”

“తెలియకపోతే, తప్పు రాసినప్పుడు ఎవరిని కొడతారండీ?”

దెంగ్ ఆ గీతను మూడుసార్లు గీకించి మళ్లీ రాయించాడు. మూడుసార్లూ గీత పెరిగిందే తప్ప తగ్గలేదు.

“సరే, ఈ క్షణం నుంచే మళ్లీ పాకలో బద్దలు కాల్చుకో. ఆ ఉత్తర్వు కూడా నువ్వే రాయి. ఇదొక్కటి బుద్ధిగా తోక లేకుండా రాశావో, ఆ బద్దను ఇక్కడే విరిచేస్తాను. నీ కొలువు నీకుంటుంది.”

ఈ కొలువంటే పాన్‌కి ప్రాణం. దాన్ని ఎవరూ చేతిలో పెట్టలేదు, ఏరుకుని సంపాదించుకున్నాడు. కొత్త బద్ద అందుకున్నాడు. పాన్ చీని పనిలోంచి తీసేసినట్టు, ఏ తేదీ నుంచో, ఎవరి మాట మీదో, అన్నీ చక్కగా కొలిచినట్టు రాశాడు. దెంగ్ తల ఊపాడు. మిగిలింది ‘ఆజ్ఞ’ ఒక్కటే.

పాన్ కుంచెను నిండా ముంచి, అదిమి, బద్ద చివరి అంచు దాకా లాగాడు.

“గీకెయ్ దాన్ని!” అని అరిచాడు దెంగ్.

“ఈ ఉత్తర్వు ప్రకారం నేనిప్పుడు రాయసగాణ్ణి కానండీ. పాకవాళ్లు కచేరీ కత్తి వాడకూడదు. మీరే గీకండి.”

మొలలోని కత్తి తీసి, పిడిని దెంగ్ వైపు తిప్పి పెట్టి, వేళ్లకంటిన సిరా తుడుచుకోకుండానే మెట్లు దిగిపోయాడు.