ఉప్పుపిన్ని ఒంటిచేతి పరీక్ష

“చచ్చిపోతే పాపకి ఏం చెప్పాలి పిన్నీ?”

చేపను ఇంకా కొననే లేదు. ఏడాదిన్నర పాపను చంకనేసుకుని అక్వేరియం కొట్లో నేనడిగిన మొదటి ప్రశ్న అది. డాక్టరు గదిలో నారింజరంగు సముద్రపు చేపను చూసి పాప “చే” అంది. ఎదురుచూసి ఎదురుచూసి విన్న తొలి మాట. అందుకే ఇంట్లోకి ఉప్పునీళ్ళ తొట్టి వచ్చింది.

కొట్టావిడను అందరూ ఉప్పుపిన్ని అంటారు. ఇరవయ్యేళ్ళు రొయ్యపిల్లల హేచరీలో మోకాలిలోతు సముద్రపు నీళ్ళలో పనిచేసి, ఆ మోకాళ్ళు మొరాయించాక ఈ కొట్టు పెట్టుకుంది. మీటరు ఉన్నా, నాలిక చివర చుక్క వేసుకుంటేగానీ ఉప్పు సంగతి నమ్మదు.

నేను రాసుకెళ్ళిన ఫిల్టర్ల పట్టికను ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చదివింది.

“తొట్టి ఎంత?”

“నూట ఇరవై లీటర్లు.”

“చేపలు?”

“రెండు.”

“మరి ఈ పెద్ద మిషను దేనికమ్మా, తిమింగలాన్ని తెస్తున్నావా?”

కాగితం మడిచి నా సంచిలో కుక్కి, మూడు ఫిల్టర్లు బల్లమీద పెట్టింది. “పిల్లని దించకుండా మూతలు తియ్యి.”

మొదటిదాని క్లిప్పులు కదల్లేదు. రెండోది బల్లమీద నుంచి జారబోయింది. తొట్టి వెనక తగిలించే మూడోదాని మూత బొటనవేలితో ఊడొచ్చింది.

“ఇదే నీది. నీ ఇంట్లో రెండో చెయ్యి ఎప్పుడు ఖాళీగా ఉంటుంది గనక!”

దానికి తోడు, మురికిని నురగగా పైకి లాగే చిన్న స్కిమ్మర్ ఇచ్చింది. ఫిల్టరులోని పింగాణీ రింగుల్లో సూక్ష్మజీవులు పెరిగి, నీటిలోని అమ్మోనియాను తినడం మొదలుపెట్టేదాకా చేపలు వద్దంది. అది నేను కాలేజీలో చదివిన పాఠమే. నెల పైనే ఆగాను.

చేపలొచ్చిన మూడోవారం రింగులకు గోధుమరంగు జిగట పట్టింది. మూత తీయడం ఎటూ సులువే. పాప పాలసీసాలతో పాటు వాటినీ పది నిమిషాలు ఉడకబెట్టేశాను. చదివిన చదువంతా ఆ గిన్నెలోనే ఆవిరైపోయింది. రెండ్రోజులకు చేపలు పైకి తేలి రొప్పుతున్నాయి.

సీసాలో తొట్టి నీళ్ళు పట్టుకుని కొట్టుకి పరుగెత్తాను.

“ఉడకబెట్టావా! ఉప్పూకారం వేశావా తల్లీ?” పగలబడి నవ్విన పిన్ని, నా కళ్ళు చూసి టక్కున ఆగింది. “ఊరుకో. నేను హేచరీలో చేరిన కొత్తలో, శుభ్రం శుభ్రం అని బ్లీచింగు ఎక్కువ కొట్టి లక్ష పిల్లల్ని పొట్టనబెట్టుకున్నా. ఈ చేతులతోనే.”

తన సొంత తొట్టిలోంచి సూక్ష్మజీవులు పట్టిన రింగులు తీసి, అదే నీళ్ళతో కవరులో పోసిచ్చింది. సగం నీళ్ళు మార్చమంది. నాలుగోరోజు చేపలు మేత తిన్నాయి. పాప అద్దానికి ముక్కు ఆనించి “చే, చే” అంటుంటే ఫోన్ చేసి వినిపించాను.

“సరే విను,” అంది పిన్ని. “ఏదైనా తేడాగా కనబడితే ముందు కూర్చుని చూడు. తింటోందా, తిరుగుతోందా? ఆ తర్వాతే చెయ్యి పెట్టు.”

నిన్న పాప గడప తట్టుకుని పడింది. నేను కూర్చుని చూశాను. తనే లేచింది.